ఇంటికో చెత్త సినిమా

“వంద రోజులు ఆడిన సినిమాని చెత్త అంటే జనం మనల్ని చూసి నవ్వుతారు కస్తూరీ,” అన్నారు మా ఆయన, పెరుగన్నం కలుపుకుంటూ.

“నవ్వనివ్వండి. పోటీ పెట్టిందే నవ్వుకోడానికి కదా,” అన్నాను.

పప్పు దగ్గర మొదలైన వాదన పెరుగు దాకా వచ్చింది. మయూర్ విహార్ తెలుగు సంఘం వాళ్లు ఆ వేసవిలో ఒక సరదా పోటీ పెట్టారు. మనం చూసినవాటిలో అతి చెత్త సినిమా ఏదో, ఎందుకు చెత్తో స్టేజీ ఎక్కి చెప్పాలి. ఎవరు బాగా నవ్విస్తే వాళ్లకి బహుమతి. సంఘం కార్యదర్శి శ్రీరాములు గారు ఒక షరతు పెట్టారు. ఇంటికి ఒక సినిమా, ఇంటి తరఫున ఒక మనిషి. ఒక్కో ఇంట్లోంచి నలుగురు మైకు పట్టుకుంటే భోజనాలు చల్లారిపోతాయని ఆయన భయం.

మా ఇంటి తరఫున ఎవరు మాట్లాడాలన్న దాని మీద వాదనేమీ లేదు. మా ఆయన లక్ష్మీపతి గారు మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, సంఘంలో పేరున్న మాటకారి. ఏ సినిమా అన్నదే తేలాలి.

“నాన్నా, వో భూత్‌వాలీ బోలో,” అన్నాడు మా అబ్బాయి చైతు. వాడు ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. “ఉస్ మే భూత్ వాచీ పెట్టుకుని తిరుగుతుంది. చచ్చిపోయాక టైమ్ దేనికి యార్?”

“నాకు చెత్త సినిమా అంటూ లేదురా,” అన్నారు మా అత్తగారు ఛాయాదేవి గారు. “కూర్చోబెడితే ఏదైనా చూస్తాను.”

నేను చెప్పింది ‘గడప దాటని గౌరి’. మా చిన్నప్పటి సినిమా కూడా కాదు, నా పెళ్లయ్యాక వచ్చింది. మా ఆయనకు ప్రాణం.

“అది నీకు అర్థం కాలేదు, అంతే,” అన్నారాయన. “అది కుటుంబాలను నిలబెట్టిన సినిమా. అసలు మన కుటుంబమే...”

“తెలుసు. అందుకే చెప్పాను.”

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. లోపలి గది తలుపు వైపు ఒకసారి చూసి, మళ్లీ కలపడం మొదలుపెట్టారు. ఆ తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మా అమ్మాయి వీణ కూలర్ ముందు నేల మీద పడుకుని ఉంది, గోడ వైపు తిరిగి. అంతకు ముందు వారం ఇందిరాపురం నుంచి ఆటోలో వచ్చింది, ఆఫీసు బ్యాగు, ఒక చిన్న సూట్‌కేసుతో. సాత్విక్‌తో పెళ్లయి, అక్కడ కాపురం పెట్టి ఏడాది దాటింది. ఏమైందమ్మా అంటే తర్వాత చెప్తానంది. ఆ తర్వాత ఎవరం అడగలేదు. ఆ వారమంతా మా ఇంట్లో సినిమాల గురించి అంత గట్టిగా మాట్లాడుకోవడానికి కారణం అదే.

*

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగిపోతే ఆ గదిలో ఎవరూ ఉండలేరు. వీణ లేచి వెనక బాల్కనీలోకి వచ్చింది. నేను చాప వేసుకుని దొండకాయలు తరుగుతున్నాను. అప్పుడు మా రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. వడగాలితో పాటు ఆ సిమెంటు దుమ్ము అంతా మా బాల్కనీలోకే వచ్చేది. ఉతికి ఆరేసిన బట్టలు ఉతకని వాటికన్నా బూడిదగా ఉండేవి.

వీణ కత్తిపీట ఎదురుగా కూర్చుని, తరిగిన ముక్కలు ఒక్కోటీ తీసి నీళ్లలో వేస్తూ, నన్ను చూడకుండా చెప్పింది.

“సాత్విక్ టీమ్ వాళ్లతో కలిసి సినిమాకి వెళ్లాం. టికెట్లు తనే బుక్ చేశాడు. తనకి ఆ హీరో అంటే పిచ్చి కదా. సినిమా అయ్యాక అక్కడే బయట కాఫీ దగ్గర నిలబడి అందరూ ఎలా ఉందో చెప్తున్నారు. మస్త్ హై, సూపర్ హై అని. నన్నడిగాడు. ‘నువ్వేంటి మాట్లాడవు, హానెస్ట్‌గా చెప్పు’ అన్నాడు. హానెస్ట్‌గా చెప్పానమ్మా.”

“ఏమన్నావు?”

“నా జీవితంలో ఇంత చెత్త సినిమా చూళ్లేదన్నాను. ఎందుకో కూడా చెప్పాను. వాళ్ల టీమ్‌లో ఇద్దరమ్మాయిలు ‘ఎగ్జాక్ట్లీ వీణా’ అని నవ్వడం మొదలెట్టారు. వాళ్ల బాస్ కూడా నవ్వాడు. సాత్విక్‌ని చూసి ‘తేరీ వైఫ్ తో క్రిటిక్ నిక్‌లీ’ అన్నాడు. సాత్విక్ కూడా నవ్వాడు.”

ముక్క నీళ్లలో వేసింది.

“కింద పార్కింగ్‌లో కారు ఎక్కబోతుంటే కొట్టాడు. చెంప మీద. ఆ తర్వాత గేటు దగ్గర పార్కింగ్ వాడికి స్లిప్ ఇచ్చి, చిల్లర తీసుకుని, రోడ్డెక్కాక, కుల్ఫీ తింటావా అని అడిగాడు.”

నా చేతిలో దొండకాయ సగం తెగి ఉంది.

“తిన్నావా?” అన్నాను. ఆ మాట ఎందుకొచ్చిందో తెలీదు.

“తిన్నాను,” అంది వీణ. “వద్దంటే ఇంకేమంటాడో అని. అది తింటున్నప్పుడే అనుకున్నాను వచ్చేయాలని. నువ్వు నాన్నకి చెప్పకు. కాదు, చెప్పు. నేను చెప్పలేను.”

కరెంటు వచ్చింది. లోపల కూలర్ గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసి తిరగడం మొదలుపెట్టింది. వీణ లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, మజ్జిగ తాగాక చెప్పాను. వింటున్నంతసేపూ ఆయన ముఖం బిగుసుకుని ఉంది. చివర్లో ఒక్కసారిగా విచ్చుకుంది.

“సినిమా బాగాలేదన్నందుకా?” అన్నారు. “అంతేనా? నేనింకా తాగుడో, మరో ఆడదో అనుకుని వారం రోజులుగా నిద్ర లేకుండా చస్తున్నాను.”

“కొట్టాడండీ.”

“తప్పే. కాదనట్లేదు. కానీ చూడు, టికెట్లు అతను కొన్నాడు, పిలుచుకెళ్లింది తన ఆఫీసు వాళ్లని. వాళ్ల ముందు అతని పరువు తీసింది. బాగుంది అంటే పోయేదేముంది?”

“చెప్పమన్నది అతనే.”

“చెప్పమంటే చెప్పేయడమేనా?”

మా అత్తగారు జపమాల పక్కన పెట్టి, “ఇంతకీ ఆ సినిమా ఎవరిదిరా?” అన్నారు.

“ఎవరిదో ఒకరిదిలేమ్మా,” అన్నారాయన. అప్పటికే ఫోను తీసుకుని బాల్కనీలోకి నడుస్తున్నారు. “సాత్విక్ బాబూ... ఆఁ, నేనే. ఏంటి మీ సినిమా గొడవ?” అని నవ్వుతూ మొదలుపెట్టడం వినిపించింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఆఫీసులో పైవాళ్లకీ కిందవాళ్లకీ మధ్య ఏదైనా పేచీ వస్తే ఆయన అదే నవ్వు నవ్వి, రెండు వైపులా ఛాయ్ తాగించి, ఇంటికొచ్చి ‘డిస్పోజ్ చేసేశాను’ అనేవారు.

*

పోటీ ఆదివారం ఉదయం. పక్క కాలనీ కమ్యూనిటీ సెంటర్‌లో పెట్టారు. వీణ రానంది. “నలుగురిలోకి వస్తే మనసు తేలికపడుతుంది,” అని వాళ్ల నాన్నే బలవంతపెట్టి తీసుకొచ్చారు. మెడ మీదికి జారిన జడ, కళ్ల కింద నలుపు, అయినా నా చందేరీ చీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ల వరసలో నా పక్కన కూర్చుంది. ఎవరో పలకరించి, “అల్లుడుగారు రాలేదా?” అంటే, “టూర్‌లో ఉన్నాడాంటీ,” అంది.

నిజంగానే అందరూ బాగా నవ్వించారు. ఒకాయన తన పెళ్లిచూపుల రోజు చూసిన జానపద సినిమా గురించి చెప్పాడు. కత్తియుద్ధంలో కత్తి వంగిపోతే హీరో మోకాలి మీద పెట్టి సరిచేసుకుని మళ్లీ యుద్ధం చేశాట్ట. ఒకాయన తను చూసిన సినిమాలో తల్లి పాత్ర వేసినావిడ కొడుకు కన్నా చిన్నదని లెక్కలు వేసి చెప్పాడు. స్టేజీ ఎక్కిన వాళ్లంతా మగవాళ్లే. ఇంటికి ఒక మనిషి కదా. మా వరసలో ఆడవాళ్లు, “అయ్యో, అది నేను చెప్పిందే, నా మాటే ఈయన చెప్తున్నారు,” అని ఒకరితో ఒకరు అనుకుంటున్నారు.

మా ఆయన పేరు పిలిచారు. ఆయన మైకు అందుకుని గొంతు సరిచేసుకున్నారు.

“మా ఇంట్లో చెత్త సినిమా ఏదన్న దాని మీద పెద్ద చర్చ జరిగింది,” అని మొదలుపెట్టారు. “మా అబ్బాయి దెయ్యం సినిమా అన్నాడు. మా ఆవిడేమో సాక్షాత్తు ‘గడప దాటని గౌరి’ అంది.” మగవాళ్ల వైపు నుంచి అయ్యయ్యో అని వినిపించింది. “క్షమించేయండి, ఆవిడ స్కూలు టీచరు. జీవితంలో ఏది చూసినా ఎర్ర సిరా పెడుతుంది. కానీ నా ఓటు మాత్రం నేను చూడని సినిమాకి. అవును, చూడలేదు. దాని గురించి వినడంతోనే సరిపోయింది. ఎందుకంటే, ఆ సినిమాకి వెళ్లిన నా కూతురూ అల్లుడూ బయటికొచ్చి, బాగుందని ఒకరూ బాగాలేదని ఒకరూ పోట్లాడుకుని, నా కూతురు సూట్‌కేసు సర్దుకుని మా ఇంటికొచ్చేసింది!”

హాలు ఘొల్లుమంది.

“ఇప్పుడు చెప్పండి. హీరో చెడ్డా, కథ చెడ్డా, పాటలు చెడ్డా, అవన్నీ మామూలే. కానీ ఏకంగా మామగారి ఇంట్లో కూలర్ ముందు చోటు లేకుండా చేసిన సినిమా ఇంకోటి ఉందా? ఆ డైరెక్టరు కనపడితే ఒకటే అడుగుతాను. బాబూ, నువ్వు సినిమా తీశావా, విడాకుల నోటీసు తీశావా?”

నవ్వులు, చప్పట్లు. మా ముందు వరసలో ఆడవాళ్లు వెనక్కి తిరిగి వీణ వైపు చూసి, “ఏంటమ్మాయ్, సినిమా కోసం మొగుణ్ణి వదిలేశావా?” అని నవ్వుతూ అన్నారు. వాళ్లకి ఏమీ తెలీదు. వాళ్ల తప్పేమీ లేదు. వీణ కూడా నవ్వింది. పార్కింగ్‌లోకి దిగేముందు సాత్విక్ నవ్వాడని చెప్పింది చూడండి, అలాంటి నవ్వేనేమో అనిపించింది నాకు.

నేను తన చెయ్యి పట్టుకుందామనుకున్నాను. రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది.

మొదటి బహుమతి మా ఆయనకే వచ్చింది. వేడి చల్లారకుండా ఉంచే డబ్బాల సెట్టు. దారిలో ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, “చూశావా, ఎంత తేలిగ్గా తీసుకున్నారో జనం,” అన్నారు వీణతో. “నువ్వే పెద్దది చేసుకుని కూర్చున్నావు. నలుగురిలో నవ్వేసుకుంటే ఏదైనా చిన్నదైపోతుందమ్మా.”

వీణ ఆటో బయటికి చూస్తోంది.

“మీరు వాళ్లకి సగమే చెప్పారు,” అన్నాను.

“మిగతా సగం చెప్పమంటావా మైకులో?” అన్నారు. ఆటోవాడికి తెలుగు వచ్చేమో అన్నట్టు ఇద్దరం ఊరుకున్నాం.

*

జూన్ రెండో వారంలో సాత్విక్‌ని భోజనానికి పిలిచారు. “సినిమాతో వచ్చిన గొడవ సినిమాతోనే పోవాలి,” అన్నారు మా ఆయన. ఎక్కడి నుంచో ‘గడప దాటని గౌరి’ డీవీడీ తెప్పించారు. భోజనాలయ్యాక అందరం కలిసి చూస్తాం, సాయంత్రం టీ తాగి వీణ సాత్విక్‌తో వెళ్తుంది. అలా ఆయన అనుకున్నారు. సాత్విక్ అనుకున్నాడు. వీణ సూట్‌కేసు తలుపు దగ్గర పెట్టి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను కాదు, వీణా కాదు.

సాత్విక్ చెడ్డగా ఏమీ కనపడలేదు. అదే నాకు కష్టమైంది. బెంగాలీ స్వీట్లు తెచ్చాడు. మా అత్తగారి కాళ్లకి దండం పెట్టాడు. చైతుకి ఏదో కంప్యూటర్ కోర్సు గురించి చెప్పాడు. వీణతో, “హాయ్, జ్వరం తగ్గిందా?” అన్నాడు. వీణకి జ్వరమేమీ రాలేదు. వాళ్ల అమ్మానాన్నలకి అలా చెప్పి ఉంటాడు, అదే ఇక్కడా వచ్చేసింది.

“తగ్గింది,” అంది వీణ.

భోజనాలయ్యాయి. పరదాలు వేసి, కూలర్ హాల్లోకి లాగి, అందరూ కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను.

ఆ సినిమాని నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను, చీరాలలో. పెళ్లయిన రెండో ఏడు, కూరలో ఉప్పు గురించి ఏదో అన్నానని ఆయన విసిరిన స్టీలు గ్లాసు నా కనుబొమ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. నేను ఢిల్లీ నుంచి పుట్టింటికి వచ్చేశాను. మా అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. పక్కింటావిడనీ నన్నూ తీసుకుని మ్యాట్నీకి వెళ్లింది. సినిమాలో గౌరిని మొగుడు వానలో బయటికి నెట్టి తలుపేసుకుంటాడు. గౌరి గడప మీద తల పెట్టుకుని పడుకుంటుంది. ఎండొచ్చినా వానొచ్చినా లేవదు. చివరికి మొగుడికి జబ్బు చేసి తలుపు తెరిస్తే, ముందు ఆ గడపకి పసుపు రాసి తర్వాత లోపలికి వెళ్తుంది. హాల్లో ఆడవాళ్లంతా వెక్కి వెక్కి ఏడ్చారు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. బయటికొచ్చాక, “చూశావుగా,” అంది. ఆ వారమే నన్ను మళ్లీ ఢిల్లీకి జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించింది.

ఈ కథ మా ఆయనకీ తెలుసు. సంఘంలో చాలామందికి తెలుసు, గ్లాసు తప్ప. “మా అత్తగారు ఒక్క మ్యాట్నీ టికెట్టుతో మా కాపురం నిలబెట్టారు,” అని ఆయనే చెప్పేవారు. ఆ తర్వాత ఆయన నా మీద ఏదీ విసరలేదు. విసరాల్సిన అవసరం రాలేదు. కూరలో ఉప్పు ఎలా ఉందో, సినిమా ఎలా ఉందో, ఇల్లు ఎక్కడ కొనాలో, నేను మళ్లీ ఎప్పుడూ ముందుగా చెప్పలేదు. ఆయన చెప్పాక అవునన్నాను. ఈ మధ్యే, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, నేను ఉద్యోగంలో సీనియర్‌ని అయ్యాక, అప్పుడప్పుడు ఒక మాట అంటున్నాను. అంటే ఆయన నవ్వుతారు.

తెర మీద వాన మొదలైంది. బొమ్మ పాతబడి అక్కడక్కడ గీతలు. గౌరి గడప మీద తల పెట్టింది. పాట వచ్చింది. చైతు ఫోనులో ఏదో నొక్కుకుంటున్నాడు. మా అత్తగారు కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి తెర వైపు చూసి, “అయ్యో రాత, ఇది ఇంకా గడప మీదే ఉందా?” అన్నారు.

చైతు పకపకా నవ్వాడు. “దాదీ, షీ హాజ్ నో బాత్రూమ్ బ్రేక్!”

“ఏయ్, నోర్ముయ్,” అన్నారు మా ఆయన. ఆయన కళ్లలో నీళ్లు. నిజమైన నీళ్లే. అబద్ధం చెప్పను, ఆయన ఏ సినిమా దగ్గరా ఏడుపు నటించడం నేనెప్పుడూ చూడలేదు.

సాత్విక్ శ్రద్ధగా చూస్తున్నాడు. “మెసేజ్ బాగుంది మావయ్యగారూ,” అన్నాడు. “ఇప్పటి సినిమాల్లో ఇలాంటి ఎమోషన్ లేదు.” తెర వైపే చూస్తూ, “నేను కూడా ఆ రోజు కొంచెం ఓవర్‌గా రియాక్ట్ అయ్యాను. టీమ్ ముందు అలా అనేసరికి...” అన్నాడు.

“అయిపోయిందిగా బాబూ, వదిలెయ్,” అన్నారు మా ఆయన.

గౌరి గడపకి పసుపు రాసింది. శుభం పడింది. ఆయన లేచి పరదా పక్కకి లాగారు. జూన్ ఎండ ఒక్కసారి కళ్లలో పడింది. ఆయనకో అలవాటు. సినిమా అయిపోగానే తన తీర్పు చెప్పేముందు ఇంట్లో అందరినీ వరసగా అడుగుతారు.

“ఏమ్మా వీణా? ఎలా ఉంది?” అన్నారు ప్రేమగా.

వీణ ఒక్కసారి తండ్రి వైపు, ఒక్కసారి సాత్విక్ వైపు చూసింది. ఈ పిల్ల నాలుగో క్లాసులో ఉండగా పక్కవాళ్లింట్లో సినిమా చూసి, ‘ఆంటీ, మీ టీవీలో ఇలాంటివే వస్తాయా?’ అని అడిగొచ్చిన పిల్ల. నేను పీట మీద నుంచి కొంచెం ముందుకు వంగాను.

“బాగుంది నాన్నా,” అంది వీణ.

“చూశావా!” అన్నారాయన, నా వైపు తిరిగి.

నేను లేచి వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను.

*

కాసేపటికి వీణ వచ్చింది, కప్పులు తీయడానికి. హాల్లో మగవాళ్లు కొత్త ఫ్లైఓవర్ గురించి మాట్లాడుకుంటున్నారు.

“నిజంగా బాగుందా?” అన్నాను, తన వైపు చూడకుండా.

“ఎందుకమ్మా ఇప్పుడు?”

“ఊరికే.”

“బాగుందంటే తొందరగా అయిపోతుంది కదా.” కప్పులు పళ్లెంలో పెట్టింది. ఒకటి మసిగుడ్డతో తుడిచింది, అది శుభ్రంగానే ఉన్నా.

అల్లం దంచి నీళ్లలో వేశాను. ఇన్ని రోజులుగా కొట్టిన సంగతి చెప్పుకున్నాం, జనం సంగతి, పరువు సంగతి, కూలర్ సంగతి చెప్పుకున్నాం. నేను కూడా అడగని మాట ఒకటుందని అప్పుడు తట్టింది.

“ఆ రోజు నువ్వు చూసిన సినిమా. అది ఎందుకు నచ్చలేదు?”

వీణ నన్ను వింతగా చూసింది.

“ఎందుకు చెత్త అన్నావు? వాళ్లకి చెప్పానన్నావుగా. నాకు చెప్పు.”

“అదా...” అంది. స్టవ్ గట్టుకి ఆనుకుంది. “ముందుగా, ఆ హీరోయిన్ ఆఫీసులో పనిచేస్తుందమ్మా, పెద్ద పోస్టు. సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కంప్యూటర్ ఆన్ చెయ్యదు. నల్ల స్క్రీన్ చూస్తూ టైప్ చేస్తుంది!”

నవ్వొచ్చింది నాకు.

“నిజం! నేను అదే చెప్తే వాళ్ల బాస్ పడి పడి నవ్వాడు. సరే, అది పోనీ. హీరో ఆ అమ్మాయి వెంటపడతాడు. వద్దంటుంది. మళ్లీ వస్తాడు. మళ్లీ వద్దంటుంది. వాళ్ల ఆఫీసుకొస్తాడు, ఇంటికొస్తాడు, వాళ్ల నాన్నని బుట్టలో వేసుకుంటాడు. పాపం ఆ అమ్మాయి ఎంత మర్యాదగా చెప్తుందో అమ్మా, సారీ, నాకు ఇష్టం లేదని. హాల్లో ఆమె వద్దన్నప్పుడల్లా నవ్వులు. అతనికేదో యాక్సిడెంట్ అవుతుంది. అప్పుడు ఆ అమ్మాయి ఆస్పత్రికి పరిగెత్తి, అందరి ముందు సారీ చెప్తుంది. దేనికి సారీ? వద్దన్నందుకు! అప్పుడు హాలంతా లేచి నిలబడి చప్పట్లు. సాత్విక్ కూడా. నేనొక్కదాన్నే కూర్చున్నాను, నా ముందు నిలబడ్డవాడి వీపు తప్ప ఏమీ కనపడట్లేదు.”

చేతులు తిప్పుతూ చెప్తోంది. గొంతు పెరిగింది. ఆ నెలరోజుల్లో అంత పొడుగు మాట నేను వినలేదు తన నోట్లోంచి. పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

“అంతేనమ్మా,” అంది చివరికి, ఊపిరి తీసుకుని. “ఇది చెప్పాను.”

“బాగా చెప్పావు,” అన్నాను. స్టవ్ ఆపాను. “వెళ్తావా అతనితో?”

తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఊపింది.

“ఇక్కడుంటావా?”

హాల్లోంచి వాళ్ల నాన్న నవ్వు వినిపించింది.

“ఇక్కడ కొట్టరు,” అంది వీణ. “కానీ ఇక్కడ కూడా బాగుందనే చెప్పాలిగా అమ్మా. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా.”

టీ వడగట్టాను. అందరికీ సరిపడా పోశాను. చక్కెర లేనిది మా అత్తగారికి వేరే గ్లాసులో. పళ్లెం నేనే పట్టుకున్నాను. వీణ నా వెనక వచ్చింది.

టీపాయ్ మీద పళ్లెం పెట్టాక కూడా నేను నిలబడే ఉన్నాను. మా ఆయన కప్పు అందుకుంటూ, “వీణా, త్వరగా తాగి బయల్దేరమ్మా, ఎండ తగ్గింది,” అన్నారు.

“సాత్విక్ ఒక్కడే వెళ్తాడండీ,” అన్నాను. “వీణ వెళ్లట్లేదు.”

నా గొంతు మామూలుగానే ఉంది. క్లాసులో రేపటి పాఠం ఏమిటో చెప్పినప్పటిలా. చైతు ఫోను పక్కన పెట్టాడు. సాత్విక్ సగం లేచి, “అత్తయ్యగారూ, నేను సారీ చెప్పానుగా...” అన్నాడు.

“విన్నాను బాబూ. టీ తాగు, చల్లారిపోతుంది.”

“ఇంకా ఎన్నాళ్లు ఇక్కడ ఉంచుతావు దాన్ని?” అన్నారు మా ఆయన. ఇంకా నవ్వు వదల్లేదు. అది ముఖం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది.

“ఇక్కడ ఉంచను. నోయిడాలో, వీణ ఆఫీసుకి దగ్గర్లో ఇల్లు చూసుకుంటాం. స్కూళ్లు తెరిచేలోపు మారిపోతాం. నేనూ తనతోనే ఉంటాను. స్కూలుకి అక్కడి నుంచే వెళ్తాను.”

మా అత్తగారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నన్నూ, వీణనూ, మళ్లీ నన్నూ చూశారు.

“మరి నా మాత్రలు?” అన్నారు.

“మీ అబ్బాయి ఇస్తారు అత్తయ్యా.”

“వాడికి ఏది ఎప్పుడో తెలీదే.”

“ఈ రెండు వారాల్లో చెప్తాను. తెలుసుకుంటారు.”

ఆవిడ సరే అన్నట్టు టీ ఊదుకున్నారు.

“సెలవులు కదా, తల్లీకూతుళ్లు కొన్నాళ్లు మార్పు కోసం వెళ్లొస్తారట,” అన్నారు మా ఆయన సాత్విక్‌తో, నవ్వుతూ.

“వెళ్లి రావడానికి కాదండీ,” అన్నాను. “వెళ్లి ఉండటానికి.”